సుంకప్ప చూపించిన తప్పు

2001లో నేను అనంతపురంలో ఎంసీఏ చదువుతూ చదరంగం ఆడే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. నాలుగెత్తులు ముందుకు వెతికి, అన్నిట్లోకీ మేలైనది ఎంచుకునేది. దానితో బెంగళూరులో జరిగే చదరంగం ప్రోగ్రాముల పోటీలో గెలవాలని నా పంతం. ముందు దాన్ని పరీక్షించడానికి గట్టి ఆటగాడు కావాలి. మా రాప్తాడులో దర్జీ సుంకప్పను మించినవాడు నాకు తెలియదు. తన సొంతూరు కొత్తచెరువులో పెద్దల దగ్గర ఆట నేర్చినవాడు.

ఆయన రోజూ సాయంత్రం కత్తెర పక్కన పెట్టి మా ఇంటికి వచ్చేవాడు. తప్పు కనిపిస్తే చెప్పమన్నాను. అడిగిందే పాపం.

"కిరణా, బంటు ఒకేసారి రెండిండ్లు దూకినాది. తప్పు."

"అది రూలే మామా."

"గుర్రం ఇంట్లోకి పోయిన బంటు గుర్రమే కావల్ల గదప్పా. మంత్రి ఎట్లయినాది?"

"అదీ రూలే."

వారం తిరిగేసరికి, ఆయన ఏం చెప్పినా పల్లెటూరి ఆట అని కొట్టిపారేయడం నాకు అలవాటైపోయింది.

పోటీకి రెండు రోజుల ముందు నా స్నేహితులు నలుగురు చూడటానికి వచ్చారు. తెర మీద ‘కంప్యూటర్ గెలిచింది’ అని పడింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. సుంకప్ప కుర్చీలోంచి లేవలేదు.

"ఇది గెలుపు గాదప్పా. నా రాజు మీద షా, మీరనే చెక్కు, ల్యాదు. కదిలేదానికి ఇల్లు ల్యాకుండా కట్టేసినాది, అంతే. మా కొత్తచెరువులో ఇట్ల చేస్తే ఎత్తు వెనక్కి తీసుకోవల్ల."

కొత్తచెరువు అనగానే నా చెవులు మూసుకుపోయాయి. తెర వైపు చూడనైనా లేదు.

"నీకు రూల్స్ తెలీవు మామా. ఓడిపోతే ఓడినానని ఒప్పుకో" అన్నాను.

నలుగురూ నవ్వారు. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బెంగళూరులో చివరి ఆట. ఎదుటివాడికి మిగిలింది రాజు ఒక్కటే. నాకు మంత్రి, ఏనుగు ఉన్నాయి. నా ప్రోగ్రామ్ ఆ రాజును మూలగడిలో బిగించి, గెలిచానని తెర మీద వేసుకుంది. నిర్వాహకుడు వచ్చి చూశాడు. "షా లేదు, కదలడానికి గడి లేదు. ఆట సమం" అన్నాడు. అరపాయింటు తేడాతో పోటీ చేజారింది.

తిరుగు బస్సులో ప్రోగ్రామ్ కాగితాలు ముందేసుకుని వెతికాను. తప్పు ఒక్క వరుసలో ఉంది. ఎదుటివాడికి ఎత్తులు లేకపోతే గెలుపే అని రాశాను. రాజు మీద షా ఉందో లేదో చూడమనడం మరిచాను. నిజమైన గెలుపు రెండెత్తుల దూరంలో ఉన్నా, ఈ దొంగ గెలుపు ఒక్కెత్తులో దొరికేసరికి అది అటే పోయింది. సుంకప్ప వేలు పెట్టి చూపించింది సరిగ్గా అక్కడే. పోటీ పోయినందుకు కాదు, నలుగురిలో ఆయన్ను అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వరుస సరిచేసి మర్నాడే ఆయన కొట్టుకు వెళ్లాను.

"తప్పు నాదే మామా. నువ్వు చెప్పిందే నిజం. ఒక్క ఆట ఆడుదాం రా."

ఆయనకు కోపం ఉన్నట్టు లేదు. ఉంటే బాగుండేది. చొక్కాకు గుండీ కుడుతూ తలెత్తకుండా అన్నాడు.

"నాకు రూల్స్ తెలీవు గదప్పా."

తర్వాత నా పెళ్లి బట్టలు కూడా ఆయనే కుట్టాడు. కొలతలు తీసుకుంటూ వానల గురించి, వేరుశనగ గురించి ఎంతో మాట్లాడాడు. చదరంగం మాట మాత్రం ఎత్తలేదు.