అత్తయ్య తోలిన వ్యాను

మా మేనత్తకి డ్రైవింగ్ స్కూలుంది. ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆవిడ బజార్లో ఎదురుపడితే కాలినడకన వెళ్తున్నా సరే వేగం తగ్గిస్తారు. మోకాళ్ళు మాట వింటుండగానే పరాయి దేశం చూడాలని ఆవిడకి బుద్ధి పుట్టింది. తోడుకి నన్ను లాక్కెళ్ళింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను, నా సెలవు ఎవరికీ పట్టదు.

టికెట్టు ఎక్కడికి చవకో అక్కడికే అనుకున్నాం. అలా మనకంటే బీద దేశం ఒకటి మా వంతుకొచ్చింది. బయల్దేరేముందు బాబాయి వచ్చి జాగ్రత్తలు చెప్పాడు.

"అక్కా, అక్కడి నీళ్ళు తాగకు. తిండి ముట్టకు. ఎవరితోనూ మాట కలపకు."

"గాలైనా పీల్చుకోవచ్చా?"

"మాస్కు పెట్టుకుని."

అందుకని అత్తయ్య పెద్ద డబ్బా నిండా ఇంట్లో చేసిన చిరుతిళ్ళు కుక్కింది. బస చేసిన గదిలో కుళాయి తిప్పితే ముందు దగ్గు, తర్వాత తుప్పు, ఓపిక పడితే నీళ్ళు వచ్చేవి. కరెంటు రోజూ పోయేది. "ఇందుకే వీళ్ళు బాగుపడరు," అంది అత్తయ్య. మన దగ్గర పోతే దాన్ని కోత అంటామని, ఇక్కడ పోతే వెనకబాటుతనం అంటున్నామని నేను గుర్తు చేశాను. నోరు మూసుకుని విసరమంది.

కొండ మీది జలపాతం చూద్దామని ఒక ఉదయం అద్దె వ్యాను ఎక్కాం. మనుషులు, మూటలు, ఒడిలో కుట్టుమిషను తల పెట్టుకున్న ఒక లావుపాటావిడ, అందరం ఇరుక్కున్నాం. అత్తయ్య డ్రైవరు పక్కన కూర్చుంది. అతను టోపీ పెట్టుకున్న కుర్ర మనిషి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు వచ్చు. ప్రతి మలుపులోనూ అత్తయ్య లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, అతన్ని మంచి చేసుకుంటే నెమ్మదిగా పోతాడని డబ్బా మూత తీసింది. అతను మొహమాటానికి ఒకటి తిన్నాడు, రుచి మరిగి సగం డబ్బా లాగించాడు.

ఘాట్ రోడ్డు సగంలో బండి ఆగింది. అతను దిగి పొదల్లోకి పరిగెత్తాడు. వచ్చాడు, మళ్ళీ పరిగెత్తాడు. మూడోసారి వచ్చి వెనక సీట్లో అడ్డంగా పడిపోయాడు.

"అత్తా, అవి పాడైపోయినట్టున్నాయి."

"నా వంటకేం, దివ్యంగా ఉంది. వాడి కడుపుకి అలవాటు లేదంతే."

ఫోన్లు పలకలేదు. ఇంకో బండి వచ్చే దారిలా లేదు. అందరూ వాళ్ళ భాషలో వాదించుకుంటుంటే, అత్తయ్య హ్యాండ్‌బ్యాగులోంచి విదేశాల్లో బండి నడిపే లైసెన్సు తీసి చూపించింది. ఎందుకైనా మంచిదని తెచ్చుకుందట. డ్రైవరు పడుకునే తాళం చెవి అందించాడు.

అత్తయ్య సీటు ముందుకి జరిపింది. అద్దాలు తుడిచింది. బెల్టు కోసం వెతికింది, లేదు. ఇండికేటరు వెలగకపోతే చెయ్యి బయటికి చాపింది. కొండ ఎక్కించేసింది గానీ, పైన ఊరి కూడలిలో ఇరుక్కుపోయాం. నాలుగు వైపుల నుంచీ బండ్లు, మేకలు, సైకిళ్ళు. ఆవిడ దారి ఇస్తూ కూర్చుంది. ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

వెనక నుంచి డ్రైవరు మూలిగాడు. "మేడమ్, హార్న్."

"హార్న్ ప్రమాదం వచ్చినప్పుడే కొట్టాలి," అని అత్తయ్య అచ్చ తెలుగులో పాఠం మొదలుపెట్టింది.

కుట్టుమిషనావిడ సీట్ల మధ్యలోంచి చెయ్యి పోనిచ్చి అరచేత్తో హార్న్ నొక్కి పట్టుకుంది. మేకలతో సహా అందరూ తప్పుకున్నారు. అక్కణ్ణుంచి స్టీరింగు మాది, హార్న్ వాళ్ళది.

ఆ ఊళ్ళోనే ఉన్న డ్రైవరు ఇల్లు చేరేసరికి జలపాతం చూసే వేళ దాటిపోయింది. తిరిగి వెళ్ళే ఆఖరి బండి ఏదంటే, మేం వచ్చిందే, కాబట్టి రాత్రికి అక్కడే ఆగిపోయాం. అతని తల్లి డబ్బా వాసన చూసి చెత్తబుట్టలో బోర్లించింది. తర్వాత అందరికీ గంజి పోసింది. బయట తిండి ముట్టనన్న అత్తయ్య రెండోసారి గిన్నె చాపింది.

ఆ గంజి వల్ల మాకేమీ కాలేదని చెబితే బాగుంటుంది. కానీ అయింది. గంజో, నీళ్ళో, ఎవరి పాపమో. మర్నాడంతా మేమిద్దరం దొడ్డికే అంకితం. కుళాయి రాకపోతే ఆ తల్లే బిందెలు మోసింది. మోస్తూ ఏదో అంటుండేది. తిట్లేనని నా అనుమానం.

"ఏమంటోంది మీ అమ్మ?" అని డ్రైవర్ని అడిగాను.

"మీ కడుపుకి అలవాటు లేదు, అంతే, అంటోంది."

అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంది.

కాస్త తేరుకున్న రోజు ఆ తల్లి అత్తయ్య చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళింది. వ్యాను చూపించింది, తన గుండె మీద వేలు పెట్టుకుంది, గాల్లో స్టీరింగు తిప్పింది. కొడుకు తల పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్. పదేళ్ళుగా అడుగుతోంది. నేను నేర్పను."

"నువ్వు ఎవడివి నేర్పకపోవడానికి?" అంది అత్తయ్య. అతనికి మాటలు అర్థం కాకపోయినా తాళం చెవి ఇచ్చేశాడు.

ఊరవతల ఖాళీ మైదానంలో ఒకరి భాష ఒకరికి రాని ఆడవాళ్ళిద్దరూ ముందు సీట్లలో కూర్చున్నారు. బండి గెంతింది, ఆగింది, మళ్ళీ గెంతింది. "క్లచ్చి," అని అత్తయ్య అరుపు, దానికి రెట్టింపు గొంతుతో ఆవిడ జవాబు. కాసేపటికి వ్యాను ఫస్టు గేర్లో గుండ్రంగా తిరగడం మొదలైంది. కొడుకు టోపీ చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తుతున్నాడు. నేను విమానం టికెట్టు వాయిదా వేయడానికి సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు ఎక్కాను.