ఆమె పేరుతో వెళ్లిన జవాబు

భార్యకు వచ్చిన మెయిళ్లను భోజనాల వేళ తన ఫోనులో తెరిచి పైకి చదవడం ఆయనకు ఎన్నేళ్లుగానో ఉన్న అలవాటు. ఆ చిరునామా తెరిచింది ఆయనే, పాస్‌వర్డు పెట్టిందీ ఆయనే; అందుచేత అందులోకి వచ్చేవన్నీ ఇంటికి తెచ్చిన కూరగాయల వంటివనీ, సంచీ ఎవరు విప్పినా తప్పు లేదనీ ఆయన అభిప్రాయం. ఆమె స్నేహితురాలు కాపురంలోని కష్టం చెప్పుకొన్న మెయిలును సైతం ఒకనాడు ఏడుపుగొంతు పెట్టి చదివాడు. అత్తగారు నవ్వింది. భార్య వడ్డిస్తూనే ఉంది.

మరొకనాటి మధ్యాహ్నం ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఫోను చేసింది. ఆ సంస్థ పుస్తకాలకు ఆమె చాలాకాలంగా ఇంట్లోనే కూర్చొని ప్రూఫులు దిద్దుతోంది.

“ప్రూఫుల విభాగం మొత్తం మీ చేతిలో పెడదామనుకున్నామండీ. ఇంటి బాధ్యతలని మీరు వద్దనేశారు.”

తాను వద్దన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ జవాబు తనది కాదనీ, రేపు ఉదయానికల్లా తానే రాస్తాననీ చెప్పింది.

సంపాదకురాలు అడిగింది: “ఈసారి రాసేది మీరేనని నాకెలా తెలుస్తుందండీ?”

ఆ ప్రశ్నకు ఆమె ముఖం ఎవరో చెంప మీద కొట్టినట్లు మండింది. కొత్త చిరునామా తెరిచి, దానిని ముందుగా ఫోనులోనే చెప్తానని మాట ఇచ్చింది.

సాయంత్రం భర్తను అడిగితే ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. “నువ్వెలాగూ మొహమాటపడతావని నేనే రాసేశా. నీకో పని తగ్గించా, అంతేగా.”

వాడేం చేసినా నీ మంచికేనమ్మా అని అత్తగారు గదిలోంచి వంత పాడింది.

పని తగ్గించాడట! తిన్న కంచం తీయని మనిషి, కన్నతల్లికి వేళకు మాత్ర ఇవ్వని మనిషి, ఇన్నేళ్లకు ఆమె చేతిలోంచి అందుకొన్న పని ఒక్కటే: ఆమె బతుకు గురించి నిర్ణయం తీసుకోవడం. పైగా ఆమె పేరుతో, ఆమె మర్యాదతో, ఆమె వాడే మాటలతోనే! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

వంటింటి పక్క సామాన్ల గదిలో తలుపు వేసుకొని, ఆయన వాడి వదిలేసిన పాత కంప్యూటరు ముందు కూర్చొని కొత్త చిరునామా తెరిచింది. ఇకమీదట మెయిళ్లు చూసుకోవడానికి తనదైన ప్రోగ్రాము ఒకటి కావాలి. మొదట ఎక్కించినది క్యాలెండరు, వార్తలు, కబుర్లు అన్నీ నెత్తిన మోసుకొని వచ్చి ఆ ముసలి యంత్రాన్ని ఆయాసపెట్టింది. తీసేసింది. రెండవది తేలికైనదే గాని, మెయిళ్ల నకళ్లు తమ కంపెనీ దగ్గర ఉంచుకొంటామని షరతుల్లో రాసి ఉంది. చదివేవాడు మారినంత మాత్రాన ఆమెకు ఒరిగేదేమిటి? మూడవది చిన్నది, ఏ హంగూ లేనిది. మెయిళ్లు ఈ యంత్రంలోనే ఉంటాయి. ఎప్పుడు తెరిచి చూశారో పంపినవారికి చేరవేయదు. పాస్‌వర్డు చెప్పనిదే తెరుచుకోదు. పాస్‌వర్డు మరచిపోతే మేము కూడా తెరవలేమని ఒక హెచ్చరిక ఉంది. ఆమె దానినే ఎంచుకొంది.

కొత్త చిరునామా సంపాదకురాలికి ఫోనులో చెప్పి, పదవి స్వీకరిస్తున్నానని రెండే వాక్యాలు రాసి పంపింది.

తలుపు తోసుకొని ఆయన వచ్చాడు. తెర వంక చూసి, ఇదేదో కొత్తగా ఉందే అన్నాడు. పాస్‌వర్డు చెప్పు, నా ఫోనులోనూ పెట్టుకుంటానన్నాడు. చెప్పనంది. ఆయన ముందు నవ్వాడు, తరువాత నవ్వలేదు.

“మొగుడికి తెలియకూడని గుట్టేముంది నీకు? నా మీద నమ్మకం లేదా?”

ఈ ప్రశ్నకు ఆమె ఇన్నేళ్లుగా ఇచ్చిన జవాబు ఒకటుంది: అయ్యో, అదేం మాటండీ అని కంగారుపడి, అడిగినది తెచ్చి చేతిలో పెట్టడం. ఆయన చెయ్యి చాచి దాని కోసమే నిలబడ్డాడు.

“నమ్మకం లేదండీ” అంది.