చివరి ఆయకట్టుకు చేరిన శవం

నగేశ్ నోట్లో నువ్వు గింజ నానదు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి లత అతని పక్కన కూర్చుని చూసిన ప్రతి క్రైమ్ సినిమా ఇంటర్వెల్‌కు ముందే ముగిసిపోయేది. హంతకుడెవరో ఆమె చెవిలో ఊదేసేవాడు. అతను చెప్పింది చాలాసార్లు తప్పేననుకోండి, ఆమెకు మాత్రం సినిమా పాడయ్యేది.

ఈసారి బాన్సువాడకు తమిళం నుంచి డబ్బింగైన మిస్టరీ సినిమా వచ్చింది. లత ఇంట్లోనే తేల్చి చెప్పింది.

"బావా, గీసారి నోరు తెరిచినవనుకో, ఇగ నీతోని సినిమాకు రాను. మా అక్కతోని పోత."

నగేశ్ వెంటనే తలూపాడు. ఇంటినిండా మనుషులున్న వాళ్ళిద్దరికీ పక్కపక్కన కూర్చునే తీరిక దొరికేది ఆ హాల్లోనే. అది కూడా పోతే ఎట్లా?

అందుకే ఇంటర్వెల్ దాకా పళ్ళు బిగబట్టుకున్నాడు, తర్వాత సమోసాతో నోరు మూసుకున్నాడు. ఫోన్లో సినిమాల మంచిచెడ్డలు చెప్పే ఛానెల్ ఒకటి ఉంది అతనికి. చూసేది చుట్టాలే, అదీ మొహమాటానికి. ఆ చుట్టాల కోసం మనసులోనే రాసుకున్నాడు. మంచి ఏమిటంటే పాటల్లేవు, ఇన్‌స్పెక్టర్ అరవడు, తెరమీద వాన పడితే మన చొక్కా తడిసినట్టే ఉంది. చెడు ఏమిటంటే ఇన్‌స్పెక్టర్‌కు చనిపోయిన భార్య మాటిమాటికీ గుర్తొస్తుంది, అనుమానితులంతా పనీపాటా లేకుండా తలుపుల చాటునే నిలబడతారు.

అంతా సవ్యంగానే జరిగేది. కానీ తెరమీద ముఖానికి గుడ్డ కట్టుకున్న హంతకుడు రాత్రి కాలువ గేటు లేపాడు, తెల్లారేసరికి శవం కాలువ చివరి ఊళ్ళో తేలింది. నగేశ్ నీటిపారుదల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. జన్మలో ఒక్క గేటు తిప్పింది లేదు గానీ, నీళ్ళు రాలేదన్న ఫిర్యాదులు మాత్రం బస్తాలకొద్దీ టైపు చేశాడు. ఇక ఆగలేకపోయాడు.

"చివరి ఆయకట్టుకు నీళ్ళే పోవు. శవం ఎట్ల పోతది?"

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలోంచి, కాలువ దిగువనున్న వర్ని రైతు గోపీచంద్ వెనక్కి తిరిగాడు.

"పైవాళ్ళు మోటార్లు పెట్టకపోతే ఎందుకు వెళ్ళవండీ?"

ఆ మాట నిజాంసాగర్ దిక్కున కాలువ మొదట్లో పొలాలున్నవాళ్ళకు సూటిగా తగిలింది. వాళ్ళు లేచారు, వీళ్ళు లేచారు. మోటార్ల దగ్గర మొదలై తూముల మీదుగా పోయిన యాసంగి పంట దాకా వెళ్ళింది పంచాయితీ. అది చల్లారేసరికి తెరమీద పేర్లు పడుతున్నాయి. గుడ్డ వెనకాల ఎవరున్నారో ఒక్కరూ చూడలేదు, లత తప్ప.

బయట బండి దగ్గర నగేశ్ తల దించుకుని నిలబడ్డాడు. హంతకుని పేరైతే చెప్పలేదు కదా అని గొణిగాడు. ఆ తర్వాత సిగ్గు చంపుకుని, ఇంతకీ వాడెవడని అడిగాడు. ఎప్పుడూ తెలిసినట్టు చెప్పే మనిషి మొదటిసారి తెలియక అడుగుతుంటే లతకు నవ్వాగలేదు.

ఆ నవ్వు చూశాక గాని నగేశ్‌కు ప్రాణం లేచిరాలేదు.

"నేనెందుకు చెప్త? రేపు మల్లొద్దాం, నువ్వే చూసుకో," అంది లత బండెక్కుతూ. "కాలువ గేటు సీను రాంగనే నీ నోరు నా చేత్తోనే మూస్త."