పూజలో పెట్టిన బిరడా

పసుపు ఈపాటికి ఆరిపోయి ఉంటుంది, ఈ ఎండకు ఆరక ఏం చేస్తుంది, అయినా జేబులో చెయ్యిపెట్టి తడిమి చూడడానికి హన్మాండ్లుకు మనసు రావడం లేదు, చూస్తే మాత్రం ఏముంది, బొటనవేలంత ఇత్తడి బిరడా, దాని నెత్తిన పొద్దున తన చేత్తోనే పెట్టిన కుంకుమ బొట్టు, అది ఉండాల్సింది బోటు వెనక అడుగున ఉన్న రంధ్రంలో, ఆ బోటేమో అర్బాబు అని పిలిచే యజమానినీ ఆయన తమ్ముణ్ణీ బోటు నడిపే జియావుద్దీన్‌నూ ఎక్కించుకుని తెల్లవారకముందే సముద్రంలోకి పోయింది, బిరడా మాత్రం ఒడ్డున తన జేబులో ఉంది, ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా విషయం ఇంతే, ఇంకో రకంగా అనుకుందామంటే దారి దొరకడం లేదు, రేవు దగ్గరి గోడనీడన కూర్చున్న తనకు ఎదురుగా నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి, చూస్తే కళ్లు మండేంత తెల్లగా ఉన్నాయి, ఆ తెలుపులో ఎక్కడో ఒక చుక్క కనపడితే చాలు, అదే బోటని పోల్చుకోగలడు, అందులో తను ముట్టుకోని చోటు లేదు.

అసలు ఇవాళ ఎందుకు పోయారు, వచ్చే శుక్రవారం అన్నారు కదా, అర్బాబుకు వచ్చే వారం అన్నా రేపన్నా ఒకటేనేమో, ఆయిల్ ధర పెరిగిన దగ్గర్నుంచి ఈ దోహాలో ఎవరూ దేనికీ ఆగడం లేదు, ముషైరిబ్‌లో నిన్నటి మట్టిగోడ ఇవాళ సిమెంటు మేడ, అల్ సద్‌లో మొన్నటి ఇసుక ఇవాళ విల్లా, యల్లా యల్లా, కానియ్ కానియ్ అంటే చాలు అన్నీ అయిపోవాలి, బోటు కూడా అంతే, ఎవరో అమెరికా ఇంజనీరు తమ దేశంలో చెరువుల్లో చేపలు పట్టుకునే బోటని ఓడలో తెప్పించుకుని, కాంట్రాక్టు అయిపోయి పోతూ పోతూ అర్బాబుకు అమ్మేశాడు, చెరువు బోటును సముద్రం బోటు చెయ్యి హన్మాండ్లూ అన్నాడు అర్బాబు, అంటే తను చేశాడు, ఆర్మూరులో బావి మోటార్లు బాగుచేసుకునేవాడికి బోటంటే ఏం తెలుసు, నీళ్లను లోపలినుంచి పైకి తేవడం తెలుసుగాని, బయటి నీళ్లు లోపలికి రాకుండా చూడడం ఎప్పుడు చేశాడు, అయినా రాత్రీ పగలూ అదే ధ్యాసగా చేశాడు, నిన్న సాయంత్రం కడిగి, కడిగిన నీళ్లు పోవాలని బిరడా తీశాడు, తీసినవాడు పెట్టాలి కదా, పెట్టబోయాడు కూడా, అప్పుడే గుర్తొచ్చింది రేపు దసరా అని.

ఇంటి దగ్గరైతే దుకాణంలో పానాలూ సుత్తెలూ మోటార్లూ అన్నీ కడిగి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు, భార్య గంగామణి, బతుకమ్మకు తెచ్చి మిగిలిన పూలు ఇంకా గుమ్మం పక్కన ఎండుతుండగానే గారెల పిండి రుబ్బేది, కొత్త బండి వస్తే దానికీ పూజే, మరి ఇంత కొత్త బోటుకు ఒక్క బొట్టయినా లేకుండా నీళ్లలోకి దింపుతామా, అట్లాగని అర్బాబు యార్డులో బోటు ముందు కొబ్బరికాయ కొడితే ఊరుకుంటారా, బోటును గదిలోకి మోసుకుపోలేడు, అందుకని బోటు తరఫున బిరడాను తీసుకుపోయాడు, పానాల పక్కన పళ్లెంలో పెట్టి, పొద్దున్నే పూజ చేసుకుని, రేపో ఎల్లుండో మళ్లీ బిగించొచ్చు అనుకున్నాడు, ఎంత తెలివి, ఆ తెలివి తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేస్తోంది, నిన్న పోతుంటే యార్డు గేటు దగ్గర జియావుద్దీన్ ఎదురై, ఏంరా హన్మాండ్లూ, అంతా అయిపోయిందా అంటే, అంతా అయిపోయింది భాయ్, ఇగ నీదే ఆలస్యం అన్నాడు, ఆ మాట తనదే, తన నోటితోనే అన్నాడు, పొద్దున అగరొత్తి వెలిగించి దండం పెట్టుకుని, ఒకసారి బోటును చూసొద్దామని ఊరికే యార్డుకు వస్తే ట్రాలీ ఖాళీగా ఉంది, నీళ్లలోకి దిగిన చక్రాల జాడ తడిగా ఉంది, ముగ్గురూ తెల్లవారకముందే హమూరు చేపలకు పోయారని కాపలావాడు చెప్పాడు, గదికి ఎట్లా పరుగెత్తాడో గుర్తులేదు, పళ్లెం ముందు నిలబడితే మొదట వచ్చిన ఆలోచన ఏమిటి, పూజలో పెట్టిన వస్తువును ఇవాళ ముట్టుకోకూడదు కదా అని, మనుషులు మునుగుతుంటే మడి గుర్తొచ్చింది తనకు.

మునుగుతారని ఎవరన్నారు, పరుగులో ఉన్నంతసేపు ఏమీ కాదు, బోటు వేగంగా పోతుంటే నీళ్లు ఆ రంధ్రంలోంచి బయటికే పోతాయి లోపలికి రావు, ఆ సంగతి జియావుద్దీనే చెప్పాడు, ఆగితేనే వస్తాయి, ఆగకుండా చేపలెట్లా పడతారు, హమూరు చేప రాళ్ల దగ్గర ఉంటుంది, అక్కడ ఇంజన్ ఆపి గాలం వేసి గంటలకు గంటలు కూర్చుంటారు, పాత ఇంజనే ఉండి ఉంటే రంధ్రం నీటిమట్టానికి పైనే ఉండేది, దాన్ని తీసి రెండింతల బరువున్న ఇంజన్ బిగించింది ఎవరు, వెనక భాగం జానెడు కిందికి దిగినా, చూడు భాయ్ ఎట్ల కూసుందో, దున్నపోతు లెక్క అని మురిసింది ఎవరు, నిలబడి గాలం వెయ్యడానికి ముందు నుంచి వెనకదాకా చెక్కలు పరిచి, చెక్కల మీద కార్పెట్టు అంటించి, అడుగు కనపడకుండా మూసేశాడు, ఇప్పుడు అడుగున మోకాలిలోతు నీళ్లు చేరినా పైన కూర్చున్నవాడి కాలు తడవదు, పట్టిన చేపలు చావకుండా నీళ్లు తిరిగే తొట్టి పెట్టాడు, దాని చప్పుడులో లోపల నీళ్లు పారే చప్పుడు కలిసిపోతుంది, ఆ తొట్టే పొంగుతోంది అనుకుంటారు, నీళ్లు తోడే పంపు కూడా పెట్టాడు కదా, పెట్టాడు, పంపు ఉందిగా, ఒక్క క్షణం గుండె తేలికపడుతుంది, కాని బ్యాటరీలు వెనక అట్టడుగున పెట్టాడు, పైన అడ్డంగా ఉన్నాయని అర్బాబు అంటే అక్కడికి మార్చాడు, అన్నిటికన్నా ముందు తడిసేవి అవే, అవి తడిస్తే పంపూ పనిచేయదు ఇంజనూ పనిచేయదు, చేపల జాడ చూపించే ఆ ఎర్రదీపం పెట్టె కూడా ఆరిపోతుంది, తను గొప్పగా చేసిన ప్రతి పనీ ఇవాళ జియావుద్దీన్ మీదికే తిరిగింది.

జియావుద్దీన్‌కు ఈత వచ్చు, బోధన్‌లో కాలవగట్టున పెరిగినవాడు, బాగా వచ్చు, ఒడ్డు కనపడని చోట ఈత వచ్చి ఏం లాభం, అర్బాబుకు రాదేమో, రాకపోతే జియావుద్దీన్ వాళ్లను వదిలి రాడు, వాడి బుద్ధి తనకు తెలుసు, అల్ సద్‌లో పునాదులు తవ్వుతూ ఎండదెబ్బ తగిలి పడిపోయిన తనను క్యాంపులో చూసి, వీడు మోటార్ మెకానిక్, వీడితో మట్టి మోయిస్తున్నారు సాబ్ అని అర్బాబుతో పోట్లాడి యార్డుకు తెచ్చినవాడు, రంజాన్‌లో తను ఉపవాసం లేకపోయినా పక్కన కూర్చోబెట్టుకుని, తినురా బొక్కలు కనబడుతున్నయి నీయి, నా రోజా పుణ్యం సగం నీకు రాసిస్త అని నవ్వినవాడు, భార్య బిల్కిస్‌కు క్యాసెట్‌లో మాటలు నింపి పంపుతూ, హన్మాండ్లూ నువ్వు గూడ సలాం చెప్పు మీ వదినెకు అని టేప్ రికార్డరు మూతి దగ్గర పెట్టేవాడు, తనేమో సిగ్గుపడి, వదినా బాగున్నవా, భాయ్ మంచిగ తింటున్నడు, ఏం ఫికర్ పెట్టుకోకు అన్నాడు, ఫికర్ పెట్టుకోకు అన్నాడు.

రేవు చివర పోలీసుల గది ఇక్కడికి కనపడుతూనే ఉంది, దాని ముందు మోటారు లాంచీ కట్టేసి ఉంది, పొద్దున్నే పోయి చెబితే పొద్దున్నే బయల్దేరేది, కాని చెబితే అడుగుతారు, బిరడా ఎక్కడ పెట్టావు, ఎందుకు పెట్టావు అని, పూజలో పెట్టానంటే అర్బాబు ఇచ్చిన గదిలో పూజ ఏమిటంటారు, గదిలో ఉన్నవాళ్లనందరినీ బయటికి లాగుతారు, మల్లన్నను దేశానికి పంపేస్తారు, నర్సింలును పంపేస్తారు, తన ఒక్కడి తప్పుకు ఇంతమంది పొట్టలు కొట్టడమా, వాళ్ల కోసమైనా ఆగాలి, బోటు దానంతటదే వచ్చేస్తుందేమో, జియావుద్దీన్ చూసుకుని ఏ గుడ్డముక్కో కుక్కి ఉంటాడు, తొందరపడి అల్లరి చేస్తే అందరికీ నష్టం, ఇంకాసేపు చూద్దాం, ఆ తర్వాత జుమ్మా నమాజుకు పిలుపు వినపడింది, అందరూ మసీదుకు పోయారు, ఇప్పుడు పోతే పోలీసుల గదిలో ఎవరుంటారు, నమాజు అయ్యాక పోదాం, పెద్ద తెరచాప పడవ ఒకటి రేవులోకి వస్తుంటే లేచి నిలబడ్డాడు, మీద జనం ఉన్నారు, జియావుద్దీన్ లేడు, మళ్లీ కూర్చున్నాడు.

తమ్మీ ఈడున్నవా, ఊరంతా దేవులాడిన అంటూ మల్లన్న వచ్చాడు, కామారెడ్డి దిక్కు మనిషి, గదిలో అందరికీ పెద్ద, తెల్లచొక్కా తొడుక్కున్నాడు, చేతిలో చిన్న కొమ్మ ఉంది, చూడు ఎడారిల ఏం దొరికిందో, అచ్చం మన జమ్మే, గవే ఆకులు గవే ముండ్లు, డ్యూటీకి పొయ్యే తొవ్వల కనబడ్డది, సాయంత్రం దాకా ఆగబుద్ధి గాలె, ఇగో బంగారం తీస్కో అని నాలుగు ఆకులు చేతిలో పెట్టాడు, హన్మాండ్లు వంగి కాళ్లు మొక్కాడు, మల్లన్న లేపి గట్టిగా అలాయ్ బలాయ్ తీసుకున్నాడు, ఆ వత్తిడికి జేబులోని ఇత్తడి తొడకు గుచ్చుకుంది, ఏమయిందిరా అట్ల చల్లవడ్డవు, జ్వరమా, ఏం లేదన్నా, ఇల్లు యాదికొచ్చింది అన్నాడు హన్మాండ్లు, అందరికి యాదికొస్తది తమ్మీ, నర్సింలు కోడికూర వండిండు పా తిందువు, మీరు పోండ్రి, నేను జియా భాయ్ వచ్చినంక వస్త, అని అబద్ధం కాని అబద్ధం చెప్పాడు, మల్లన్న కూడా సముద్రం వైపు చూసి, ఇంక రాలేదా వాళ్లు, పొద్దుగూకే దాంక పడతరేమో చాపలు, కొత్త బోటాయె, నువ్వు జేసినవంటే నాకు రందే లేదు తియ్ అని భుజం తట్టి పోయాడు.

రందే లేదు అన్నాడు మల్లన్న, ఏ దిగులూ లేదట, ఎంత నమ్మకంగా అన్నాడు, ఆ మనిషి పొట్ట కాపాడడానికా తను పొద్దున్నుంచి నోరు మూసుకుంది, మల్లన్న అడిగాడా నన్ను కాపాడమని, విషయం చెబితే తిట్టి, చెంపమీద కొట్టి, చెయ్యిపట్టుకుని పోలీసుల గదికి తనే ఈడ్చుకుపోయేవాడు, అందుకే కదా చెప్పలేదు, అసలు పూజ మాట ఎందుకెత్తాలి, బిరడా పెట్టడం మర్చిపోయాను అంటే సరిపోతుంది, ఒక్క మాట, ఎవడు అడుగుతాడు రాత్రి అది ఏ పళ్లెంలో ఉందని, ఇంత చిన్న సంగతి పొద్దున్నుంచి తట్టలేదా, తట్టింది, తడితే పోవాల్సి వస్తుందని పక్కకు నెట్టాడు, దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు, మల్లన్నను అడ్డం పెట్టుకున్నాడు, నమాజును కూడా అడ్డం పెట్టుకున్నాడు, ఇంకా అడుగున ఇంకో ఆలోచన ఉంది, దాని దగ్గరికి పోవడానికే భయంగా ఉంది, బోటు సగం మునిగి తిరిగొస్తే బిరడా చూసుకోవాల్సింది నడిపేవాడే కదా అంటారు, జియావుద్దీన్ మాట పడతాడు, తిరిగి రాకపోతే ఆ రంధ్రం బోటుతోపాటే పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ఛీ, ఛీ, అది తన ఆలోచన కాదు, తనదే, ఇంకెవరిది, ఇక్కడ ఇంకెవరున్నారు.

లేచాడు, నమాజు అయిపోయి జనం తెల్లటి బట్టల్లో రోడ్డు మీదికి వస్తున్నారు, వాళ్ల మధ్యలోంచి ఎదురు నడిచాడు, ఏమని మొదలుపెట్టాలి, సాబ్ బోటుకు బిరడా లేదు, నేనే తీశాను, నాదే గల్తీ, వాళ్లది కాదు, నడుస్తూ నడుస్తూ మాటలు పేర్చుకున్నాడు, బిరడా ఎక్కడుందంటే ఇదిగో, ఎవరు తీశారంటే నేను, ఎందుకు పెట్టలేదంటే మర్చిపోయాను, అన్నిటికీ జవాబులున్నాయి, గదిలో బెలూచీ పోలీసు ఒక్కడే ఉన్నాడు, ఉర్దూ తెలిసినవాడు, హన్మాండ్లు చెప్పింది సగం విని లేచి కిటికీలోంచి లాంచీ వాళ్లను కేకేశాడు, ఎంతమంది అన్నాడు, ముగ్గురు అన్నాడు, ఏ వైపు పోయారు అన్నాడు, హమూరు రాళ్ల వైపు అన్నాడు, బయట లాంచీ ఇంజను దగ్గి దగ్గి అందుకుంది, అప్పుడు పోలీసు టోపీ తీసుకుంటూ, మామూలుగా, కోపం కూడా లేకుండా, తుమ్‌కో కబ్‌సే మాలూమ్ అన్నాడు, నీకు ఎప్పటినుంచి తెలుసు అని, ఈ ఒక్కదానికీ హన్మాండ్లు జవాబు పేర్చుకోలేదు, ఇది అడుగుతారని తట్టనేలేదు, బిరడా పెట్టకపోవడం చేతుల తప్పు, ఎవరి చేతులైనా పొరపడతాయి, జియావుద్దీన్ విన్నా రెండు తిట్లు తిట్టి నవ్వి ఊరుకునేవాడు, కాని ఆ తర్వాత ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా గోడనీడన కూర్చున్నది పొరపాటు కాదు, అది తను తెలిసి చేసిన పని, బోటు తిరిగొచ్చినా రాకపోయినా అది అట్లాగే ఉంటుంది, పోలీసు ఇంకా చూస్తున్నాడు, సుబహ్ సే సాబ్, పొద్దున్నుంచీ తెలుసు అన్నాడు హన్మాండ్లు.