జ్యోతిర్మయి వేసిన ముడి

గుంటూరు శివార్లలోని ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పొద్దున్నే మైకు మోగుతుంది. ఆ రోజు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బయటికి తీయాల్సిన రైతుల పేర్లు ఒక్కొక్కటీ మూడుసార్లు చదువుతారు. ఆ జాబితా తీసే ప్రోగ్రాం, ఆ రోజు పనిమీద అక్కడికి వచ్చిన సఫూరా పనిచేసే ఆఫీసుదే. అందుకే మైకులో బుల్లయ్య పేరు రెండోసారి వినబడగానే గేటు దగ్గర ఎవరో అరిచిన అరుపు ఆమెకే తగిలింది.

"ఒరేయ్, ఎవర్ని పిలుస్తున్నార్రా? ఆయన పోయి ఆరు రోజులైంది. పెద్దకర్మన్నా కానివ్వరా?"

అరిచింది కోటేష్, బుల్లయ్య పొలానికి గట్టు పక్క రైతు. కంప్యూటర్‌కి మైలేం తెలుసురా అని హమాలీ ఒకడు నవ్వబోయి, కోటేష్ ముఖం చూసి ఊరుకున్నాడు. చనిపోయిన రైతు టిక్కీలు పెద్దకర్మ అయ్యేదాకా కదపకూడదు, పేరు పిలవకూడదు. అది అక్కడి ఆనవాయితీ. బుల్లయ్య పోయిన సంగతి గుమాస్తా పోయిన రోజే కంప్యూటర్‌లో నమోదు చేశాడు. అయినా పేరు వచ్చింది.

తప్పు ఎక్కడుందో సఫూరాకు ఆఫీసుకు వెళ్లే బస్సులోనే తెలిసిపోయింది.

ప్రోగ్రాంలో ఎవరు ఏ రోజు ఏం మార్చారో గిట్ అనే సాఫ్ట్‌వేర్ వరసగా దాచిపెడుతుంది. తూకం లెక్కల కోడ్ సఫూరా ఒక దారిలో రాసింది, టిక్కీలు ఉంచే గదుల కోడ్ పక్క కుర్చీలో కూర్చునే జ్యోతిర్మయి ఇంకో దారిలో రాసింది. మేలో రెండు దారులనూ కలిపి ముడి వేసింది జ్యోతిర్మయే. జూన్‌లో జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయింది. ఆమె కుర్చీని ఇంకా ఎవరూ జరపలేదు.

కిందటి నెల ఆఫీసు యజమాని మొహిద్దీన్ బాషా, కోడ్‌ని వేరే కంపెనీకి అప్పగించాలి, పాత చరిత్రలో సర్వర్ పాస్‌వర్డ్ ఉండిపోయింది, అది తీసేసి మొత్తాన్ని జడలా కాకుండా ఒకే పోగులా చెయ్యమ్మా అన్నాడు. సఫూరా రీబేస్ చేసింది. అది రెండు దారుల్లోని మార్పులనూ ఒకదాని వెనక ఒకటి పేర్చి, ముడిని పారేసింది. ముడికి సొంతంగా ఏమీ ఉండదని దాని లెక్క. కానీ పోయినవాళ్ల పేరు ఆపే నాలుగు లైన్లు జ్యోతిర్మయి ఏ దారిలోనూ రాయలేదు. కలిపేటప్పుడు ముడిలోనే రాసింది. అందుకే అవి పోతున్నాయని రీబేస్ ఎక్కడా ఆగి చెప్పలేదు.

ఆఫీసుకు రాగానే బాషా, రేపు కోడ్ ఇచ్చేస్తున్నాం, సాయంత్రం నీ కంప్యూటర్‌లో పాతవన్నీ తుడిచెయ్యి అన్నాడు. సఫూరా తలూపి తలుపు దగ్గరికి వేసుకుంది.

తీసేసిన మార్పులు వెంటనే చావవు. ఏ దారికీ చెందకుండా ఓ నెలపాటు అలా పడి ఉంటాయి. ఆ తర్వాత గిట్ ఎప్పుడైనా ఊడ్చేయొచ్చు. రీబేస్ చేసి ఆ రోజుకు ఇరవై ఎనిమిది రోజులు. సఫూరా పాత జాడల పట్టికలో ఒక్కో లైనూ చూసుకుంటూ కిందికి వెళ్లింది. దొరికింది. జ్యోతిర్మయి పేరు, మే పద్నాలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: "తూకం, గదులు కలిపాను. పోయినవాళ్లని పిలవొద్దు."

సఫూరా ఆ ముడిని తెరిచింది. నాలుగు లైన్లూ అందులోనే ఉన్నాయి.

ఈసారి ముడులు ఉంచమని గిట్‌కి చెప్పి రీబేస్ మళ్లీ మొదటినుంచి చేసింది. పాస్‌వర్డ్ పోయింది, ముడి నిలిచింది. కానీ అది కొత్తగా వేసిన ముడి. చేత్తో రాసిన నాలుగు లైన్లు అందులోకి రాలేదు. పాత ముడి పక్కన తెరిచిపెట్టుకుని ఒక్కొక్క అక్షరం చూసి దించింది. రాసినవారి పేరు దగ్గర జ్యోతిర్మయి అని, మే పద్నాలుగు అని పెట్టింది. చేర్చినవారి పేరు గిట్ తనే వేసుకుంది: సఫూరా, ఈ రోజు తేదీ. సరిచేసిన ప్రోగ్రాంని స్టోరేజీ కంప్యూటర్‌లోకి పంపింది.

"అక్కా, ఇక తుడిచేస్తున్నా," అని కుర్చీ వైపు చూసి మెల్లగా అంది. పాతవన్నీ తుడిచేసింది.

మర్నాడు పొద్దున స్టోరేజీకి వెళ్లి గేటు దగ్గర నిలబడింది. జాబితా చివరిదాకా చదివారు. బుల్లయ్య పేరు రాలేదు. మైకు ఆగాక కూడా కోటేష్ ఇంకా అటే చెవి పెట్టి ఉన్నాడు.

"ఇవాళ పిలవలేదే," అన్నాడు.

"సరిచేశానండీ. ఇక పిలవదు."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్న తిట్టానుగానీ అమ్మాయ్, పేరు వినబడగానే ఒక్కసారి రోడ్డు వైపు చూశాను. వస్తున్నాడేమోనని."

నిన్న పాతవన్నీ తుడిచే ముందు సఫూరా కూడా ఆ నాలుగు లైన్ల కింద జ్యోతిర్మయి ఇంకేమైనా రాసి ఉందేమోనని చాలాసేపు వెతికింది.