పెదవులు కనపడని పాట

మా బామ్మర్దికి నోరెక్కువ, నాకు కోపమెక్కువ, మా ఆవిడకు పాటెక్కువ. ఇప్పుడు ఆ మూడింటిలో పాట ఒక్కటే పోయింది. పోవాల్సిన రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

ఆవిడ గొంతులో పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేస్తేనే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఉండదన్నాడు డాక్టరు. ఆయనేదో మా ఇంట్లో దొంగతనం చేస్తున్నట్టు మీద పడి అరిచాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "అరిచింది చాల్లే. కోసేలోపు నా పాటలు పట్టి ఉంచు. నా గొంతు నా గొంతులాగే వినపడాలి, అంతే" అంది. అవి ఎవరో రాసిన పాటలు కావు. బట్టలు మడతపెడుతూ, కూరలు తరుగుతూ ఆవిడ సొంతంగా కట్టుకున్నవి.

బామ్మర్ది పెళ్ళిళ్ళ వీడియోలు తీసే షాపులో పనిచేసేవాడు. ఓ మైకు, ఓ పాత కంప్యూటరు మోసుకొచ్చాడు. పడకగదిలో మంచం నిలబెట్టి, దానిమీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేలాడదీసి, ఫ్యాను ఆపి, తలుపు సందులో తువ్వాళ్ళు కుక్కాం. ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ ఆవిడ పాడింది. నేను ఎదురుగా నేలమీద కూర్చుని ఆవిడ ముఖమే చూస్తూ విన్నాను. ఒక్క అక్షరం జారిపోలేదు. అంత బాగా పాడింది మహాతల్లి.

ఆపరేషన్ అయింది. ప్రాణం మిగిలింది. మెడ మీద ఓ కన్నం, దానిమీద పల్చటి గుడ్డ, దాంట్లోంచే ఊపిరి. అందరూ మాకు మాటలు ఎలా సాగుతాయని జాలిపడ్డారు కానీ, ఆ విషయంలో మాకు ఏ లోటూ రాలేదు. నేను నేత మిల్లులో ఫిట్టర్ని. మగ్గాలు ఆడే షెడ్డులో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అక్కడ అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. ఆ చివర సూపర్‌వైజర్ నన్ను తిడితే ఈ చివర నుంచి తిరిగి తిట్టేవాణ్ణి. కాబట్టి మా ఆవిడ పెదవులు కదిపితే చాలు, సణుగుడుతో సహా నాకు మొత్తం అందేది.

మిగిలింది పాటల పని. బామ్మర్దికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. పోతూపోతూ, "పాట పట్టడం సగమే బావా. మిక్సింగ్ చేయాలి. గొంతు ఎంత, బేస్ ఎంత, ట్రెబుల్ ఎంత అని సర్దాలి. నీవల్ల కాదు. తీరిక దొరికినప్పుడు వచ్చి నేను చేస్తాలే" అన్నాడు. తీరికట, తీరిక! నాకు ఒళ్ళు మండింది. వాడు వీధి మలుపు తిరగకముందే కంప్యూటరు ముందు కూర్చున్నాను.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి పాట నొక్కాను. గొంతు మందంగా, మూసిన తలుపు అవతల నుంచి వస్తున్నట్టుంది. మాటలు మాటలతో అతుక్కుపోయాయి. ఇది మా ఆవిడ గొంతేనా? ఆలోచిస్తే అర్థమైంది. అంతకు ముందు కొన్నాళ్ళుగా ఆవిడ వంటింట్లో పాడుకుంటుంటే ముందు గదిలో ఉన్న నాకు అలాగే వినపడేది. అంటే ఈ పాడు రోగం ఎప్పటినుంచో లోపల లోపల ఆ గొంతును తింటూనే ఉంది. ఎదురుగా కూర్చుని విన్నప్పుడు అభిమానంకొద్దీ నాకు తెలియలేదు. సరే, రోగం తిన్నదాన్ని మిషను చేత కక్కిస్తానని పంతం పట్టాను.

నేర్చుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఫోన్‌లో వీడియోలు చూస్తే ప్రతివాడూ పండితుడే. ఒకడు పెంచమంటాడు, ఇంకొకడు తగ్గించమంటాడు. ఓసారి గది మోత కాస్త కలిపితే ఆవిడ బావిలో పడి పాడుతున్నట్టు వచ్చింది. వినిపిస్తే మా ఆవిడ, "నన్ను ముందే దెయ్యాన్ని చేశావేమయ్యా" అంది, పెదవులతోనే. భుజాలు ఎగిరిపడేలా నవ్వింది. మిల్లులో డ్యూటీ దిగి, గ్రీజు చేతులు కడుక్కుని, రోజూ ఆ గదిలో దూరేవాణ్ణి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. కొట్టుకోగా కొట్టుకోగా ఒక్కటి మాత్రం పట్టుబడింది, ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాలను పెంచే గీత. ఆ గీత పైకి జరిపేకొద్దీ మాటలు విడివడుతున్నాయి. ఇంకాస్త జరిపితే 'స' వినపడింది. ఇంకాస్త జరిపితే 'చ' వినపడింది. పోయిన మనిషి మెట్లెక్కి వస్తున్నట్టే అనిపించింది. ఒక్కణ్ణే గదిలో గంతులేశాను, సిగ్గులేకుండా.

ఈలోగా పరీక్షలకు తీసుకెళ్తే, పుండు మళ్ళీ కనపడింది. ఈసారి కోయడానికి వీలులేని చోట. డాక్టరు మీద అరవడానికి కూడా నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "పాటలు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగింది. అంతే అడిగింది.

వారం తిరక్కుండా మొదటి పాట పూర్తిచేశాను. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, స్పీకర్లలో వినిపించాను. పాట సగంలో ఆవిడ కళ్ళు మూసుకుంది. బుగ్గల మీంచి నీళ్ళు కారాయి. అయిపోయాక నా చెయ్యి నొక్కి, "బాగుంది" అంది. నాకు ఆ ఒక్క మాట చాలు. మిగతా పాటలన్నీ అదే పద్ధతిలో చేసి పడేశాను. ప్రతి పాటకూ ఆవిడ కళ్ళవెంట నీళ్ళే.

ఓ ఆదివారం మధ్యాహ్నం బామ్మర్ది అక్కను చూడటానికి వచ్చాడు. నేను కాలరెగరేసి స్పీకర్లు పెట్టాను. "విను రా. నీవల్ల కాదన్నావుగా, విను."

రెండు లైన్లు కూడా కాలేదు. వాడు రెండు చెవులూ మూసుకుని ఒక్క ఉదుటున స్పీకర్ తీగ పీకేశాడు.

"బాబోయ్! ఏంటి బావా ఇది! చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది! 'స' వచ్చినప్పుడల్లా ప్రాణం పోతోంది!"

"నోర్ముయ్యరా! నా కష్టం చూసి కుళ్ళు నీకు. మీ అక్కనడుగు, విన్న ప్రతిసారీ ఏడ్చింది!"

"ఏడవక ఏం చేస్తుంది? నాకూ నీళ్ళొచ్చాయి చూడు!"

నేను చెయ్యెత్తాను. కొట్టేవాణ్ణే. మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. బామ్మర్ది నా ముఖంలోకి కాసేపు చూసి, ఏం తోచిందో, కంప్యూటరు ముందు కూర్చుని తీగ మళ్ళీ పెట్టాడు. "బావా, ఒక ఈల వేయిస్తాను. పైకి పోతూ ఉంటుంది. వినపడటం ఆగినప్పుడు చెయ్యెత్తు" అన్నాడు. ఈల మొదలైంది. సన్నగా పైకి పోయింది, ఆగింది. చెయ్యెత్తాను.

"అప్పుడే ఆపేశావేంట్రా?" అన్నాను.

మా ఆవిడ ముఖం చిట్లించుకుని చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉంది. గదిలో నాకు మాత్రం ఏ చప్పుడూ లేదు.

వాడు లేచి గోడవైపు తిరిగి ఏదో అన్నాడు. గొణిగినట్టుంది. "ఏంట్రా?" అన్నాను. మళ్ళీ అన్నాడు. గొణుగుడే. అప్పుడు నావైపు తిరిగి, అంతే గొంతుతో, "అక్కకు మంచినీళ్ళివ్వు అన్నాను బావా" అన్నాడు. ఈసారి ఒక్క అక్షరం జారిపోలేదు.

ఎప్పుడూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని నన్ను వెక్కిరించే వెధవ, ఆరోజు ఆ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"నీకు తెలుసా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"తెలుసు."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"ఆ గదిలోంచి నవ్వుతూ బయటికొచ్చేవాడివి" అంది. "ఈ ఇంట్లో ఇంకెవరు నవ్వుతున్నారు?"

బామ్మర్ది నేను జరిపిన గీతలన్నీ సున్నాకు దించాడు. దుప్పట్ల మధ్య ఆవిడ పాడిన పాట, ఎలా పట్టామో అలాగే నొక్కాడు. నాకు మళ్ళీ అదే మూసిన తలుపు. కానీ వాళ్ళిద్దరి ముఖాలూ వేరుగా ఉన్నాయి. బామ్మర్ది తలవంచుకుని ముక్కు తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ విచ్చుకున్న ముఖంతో, "ఇదీ నా గొంతు. అచ్చం ఇదే" అంది.

అంటే రోగం ముందుగా ఆవిడ గొంతును ముట్టుకోలేదు. గొంతు కోసే రోజు దాకా ఆవిడ ఎప్పటిలాగే పాడింది. వంటింట్లో పాడినన్నాళ్ళూ ఎప్పటిలాగే పాడింది. నేనే వినలేదు. మగ్గాల మోత తిన్నది నా చెవుల్ని. ఏడుపు ఆగలేదు నాకు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఆవిడ కుర్చీ నా ఎదురుగా లాక్కుంది. పాట మళ్ళీ మొదటినుంచి వేయమని తమ్ముడికి సైగ చేసింది. వేశాడు. ఆవిడ పెదవులు కదపసాగింది, స్పీకర్లో గొంతుకు సరిగ్గా తగ్గట్టు.

తలుపు తెరుచుకుంది. స, చ, శ, అన్నీ వచ్చేశాయి. ఏ గీతా జరపకుండా, ఏ మిషనూ లేకుండా, మా ఆవిడ నా ఎదుట కూర్చుని పాడుతోంది. పల్లవి అయింది, చరణం ఎత్తుకుంది. నేను రెప్ప కూడా వేయలేదు.

చరణం మధ్యలో దగ్గు వచ్చింది. మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడింది. ఆవిడ ఛాతీ పట్టుకుని వెనక్కి వాలింది. కాసేపటికి దగ్గు తగ్గింది కానీ, పెదవులు కదిపే ఓపిక లేకపోయింది. కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, అలసటగా వింటూ ఉండిపోయింది.

"ఆపేశావేంట్రా?" అన్నాను బామ్మర్దితో.

వాడు నావైపు తిరిగి, పెదవులు బాగా కనపడేలా చెప్పాడు. "ఆపలేదు బావా. అక్క ఇంకా పాడుతోంది. సన్నగా, పైన."