శేషారత్నాన్ని ఎవరు దిగబెడతారు

భ్రమరాంబ రాసిన నవలలో హత్యకు గురైన శేషారత్నం, ఆ నవల మీద పాఠకుల అభిప్రాయ సభకి అందరికంటే ముందు వచ్చి మొదటి వరుసలో చివరి కుర్చీలో కూర్చుంటుంది. పోయినప్పుడు కట్టుకున్న ముదురాకుపచ్చ నేతచీరే ఇప్పుడూ కట్టుకుంది. మెడ చుట్టూ కమిలిన గీత ఉంది. చేతిలో అంటించిన కవరు ఉంది. సభ ఏర్పాట్లు చూస్తున్న సూరపరాజు గారు ఆవిణ్ణి చూసి, కుర్చీ మీద దుమ్ము తుడిపించలేదే అని మాత్రం నొచ్చుకుంటాడు.

ఇది నిడదవోలులో కాలవ గట్టున ఉన్న గ్రంథాలయం మేడమీది హాలు. మామూలు రోజుల్లో చిన్నదే. ఇవాళ ఎవరైనా వచ్చి కూర్చున్నప్పుడల్లా ఆ మేరకు పొడుగవుతోంది. వెనక గోడ దగ్గరున్న ఉప్మా గుండిగ ఇప్పటికే దూరమైపోయింది. పళ్ళాలు పట్టుకుని అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి సగం తినేస్తున్నారు.

భ్రమరాంబకిది మొదటి సభ. ఊళ్ళో ఎవరి పుస్తకానికి సభ జరిగినా వెనక వరుసలో కూర్చుని అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టిన మనిషి, తల నెరిశాక ఇన్నాళ్ళకి వేదికెక్కే యోగం పట్టి, పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి కట్టుకొచ్చింది. వేదికెక్కబోతూ రత్నాన్ని చూసి ఆగుతుంది. తను చంపిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే పలకరించకుండా పోవడం ఏం మర్యాద?

"ఎప్పుడొచ్చావు, రత్నం?"

"ఇందాకే వచ్చానండి. సభయ్యేసరికి చీకటి పడిపోద్ది కదండీ. ఎవరో ఒకరు పోస్టు డబ్బా దాకా తోడొచ్చి, అట్నుంచటే ఇంటి దాకా దిగబెడితే నేను బతికిపోతానండి. ఒక్కరు చాలు."

ఇంతేనా అనిపిస్తుంది భ్రమరాంబకి. హాలు నిండా చదివినవాళ్ళే. ఈ మనిషి మంచితనం, భయం, ఆఖరికి ఆవిడ చారులో ఇంగువ ఎంత వేస్తుందో కూడా తెలిసినవాళ్ళు. వీళ్ళలో ఒక్కరు రారా? వస్తారని రత్నం చెయ్యి పట్టుకుని మరీ మాటిస్తుంది. ఆ చెయ్యి చల్లగా ఉంటుంది.

నవల పేరు 'మేమిచ్చట క్షేమం'. అంతా ఉత్తరాలే. రత్నం తన చెల్లెలికి రాస్తుంది, చెల్లెలు జవాబు రాస్తుంది. ఒక సాయంత్రం రత్నం ఉత్తరం పోస్టులో వెయ్యడానికి ఒంటరిగా వెళ్ళి, మరి ఇంటికి రాదు. కానీ ఉత్తరాలు ఆగవు. అదే దస్తూరీతో, మేమిచ్చట క్షేమం అంటూ నెల తర్వాత నెల వస్తూనే ఉంటాయి. రాస్తున్నది ఆవిణ్ణి చంపినవాడు, ఆవిడ మొగుడి అన్నగారు పరంధామయ్య. రత్నం ప్రతి ఉత్తరంలోనూ చెల్లెల్ని ఒక మాట అడిగేది, నీ దగ్గెలా ఉందని. ఆ మాట లేని ఉత్తరం వచ్చిన రోజున చెల్లెలికి అక్క లేదని తెలుస్తుంది. ఆ పేజీ రాస్తున్నప్పుడు భ్రమరాంబ కళ్ళొత్తుకుంది.

సభ మొదలవుతుంది. అధ్యక్షుడు తాను పుస్తకం చదవలేదని గర్వంగా చెప్పి, చదవకపోయినా గొప్పదేనని తేల్చి కూర్చుంటాడు. ఆ తర్వాత పాఠకులు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వస్తారు.

ఈ హాల్లో అభిప్రాయాలు మాటలుగా రావు, ముద్దలుగా వస్తాయి. ముందుగా బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మొదటి సగం సాగదీత అంటాడు. ఆయన నోట్లోంచి నమిలిన ఉప్మా లాంటి బూడిదరంగు ముద్ద ఒకటి జారి, రత్నం ఒళ్ళో పడుతుంది. తడిగా ఉంది. అందులో ఒక పన్నుముక్క కూడా ఉంది. ఆయన చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, ఎక్కడ పడిందోనని కూడా చూడకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటాడు. రత్నం కొంగుతో దాన్ని తీసి కుర్చీ కింద పెడుతుంది.

కాలేజీలో తెలుగు చెప్పే ఆవిడ వస్తుంది. ప్రతి ఉత్తరంలోనూ ఆ దగ్గు గోలేమిటి, ఒకసారి అడిగితే చాలదా, విసుగొచ్చి ఆ వాక్యం కనబడినచోటల్లా దాటేశానంటుంది. ఆవిడ నోట్లోంచి స్నానాలగది తూములో ఇరుక్కున్న వెంట్రుకల చుట్ట లాంటిది వస్తుంది. రావడానికి చాలాసేపు పడుతుంది. అందరూ ఓపిగ్గా చూస్తారు. ఊడి పడగానే చప్పట్లు కొడతారు.

మరొకాయన తనకి హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయిందంటాడు. ముందు ఆఖరి పేజీలు చదివి, అప్పుడు మొదలుపెట్టడం ఆయన పద్ధతట. ఇంకొకావిడ శవం దొరికిన ఘట్టం దగ్గర రచయిత్రి మొహమాటపడ్డారని, నాలిక ఎలా ఉంది, కళ్ళెలా ఉన్నాయి అన్నది ఇంకాస్త వివరంగా ఉంటే రక్తి కట్టేదని చెబుతుంది. చెబుతూనే వేలు నాకి పేజీ తిప్పుతుంది. ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా రత్నం చెంప మీద ఒక తడి వేలిముద్ర పడుతుంది. ముద్రలో ఉప్మా నూనె ఉంది, ఆవగింజ ఉంది.

వేదిక మీంచి భ్రమరాంబ ఇదంతా చూస్తోంది. ఇన్నాళ్ళూ వెనక వరుస నుంచి చప్పట్లు కొట్టింది ఈ ముద్దలకా అనుకుంటుంది. అనుకుని, తన వంతు పొగడ్త ఇంకా రాలేదని గుర్తొచ్చి, ముఖాన నవ్వు అలాగే ఉంచుతుంది.

అందరూ ఒక్క మాట దగ్గర కలుస్తారు. ఏదేమైనా రత్నం ఆ వేళప్పుడు ఒంటరిగా వెళ్ళకుండా ఉండాల్సింది. ఎవరినైనా తోడు తీసుకెళ్ళాల్సింది. ఆ మాట అన్న ప్రతివాళ్ళకీ చప్పట్లు పడతాయి. ఆ మాట ముద్ద అన్నిటికంటే జిగటగా ఉంటుంది. రత్నం ఎంత తుడుచుకున్నా కొంగుకీ వేళ్ళకీ సాగుతుంది.

అప్పుడు పరంధామయ్య వస్తాడు. చేతిలో గొడుగు, తెల్లటి పంచె, మనిషి నవలలో ఉన్నట్టే శుభ్రంగా ఉన్నాడు. హాలంతా లేచి నిలబడుతుంది. ఎంత బాగా దిద్దారండీ ఈ పాత్రని అని భ్రమరాంబని మెచ్చుకుంటూనే ఆయన చుట్టూ మూగి ఫొటోలు దిగుతారు. ఆయన దస్తూరీ ఏదీ చూపించమని సంతకాలు పెట్టించుకుంటారు. ఆయన అందరికీ శేషారత్నం అనే సంతకం పెట్టి ఇస్తాడు. ఉప్మాలో జీడిపప్పులన్నీ ఏరి ఒక పళ్ళెంలో ఆయన కోసం తెస్తారు. మొదటి వరుసలో ఖాళీ లేకపోవడంతో రత్నాన్ని కాస్త జరగమంటారు. రత్నం జరుగుతుంది.

భ్రమరాంబ ఇక ఊరుకోలేక మైకు లాక్కుంటుంది. సభయ్యాక రత్నాన్ని ఎవరైనా పోస్టు డబ్బా మీదుగా ఇంటి దాకా దిగబెట్టాలని, అలా చేస్తే ఈ మనిషి బతుకుతుందని, దూరం కూడా ఏమీ లేదని చెబుతుంది. ఉప్మా నమిలే చప్పుడు మాత్రం వినబడుతుంది.

బ్యాంకు పెద్దమనిషి సౌమ్యంగా జవాబిస్తాడు. "మనం పాఠకులమండీ. మధ్యలో చెయ్యి పెట్టకూడదు. చదవాలి, ఎలా ఉందో చెప్పాలి. అంతవరకే."

కాలేజీ ఆవిడ తన ఇల్లు అటువైపు కాదంటుంది. వేలు నాకే ఆవిడ, రత్నం బతికితే తాను పెట్టిన కన్నీళ్ళకి అర్థమేముంటుందని అడుగుతుంది. ఆవిడ కన్నీళ్ళు పెట్టిందన్న సంగతి భ్రమరాంబ ఇప్పుడే వింటోంది.

"సరే, నేనే వెళ్తాను" అని భ్రమరాంబ లేస్తుంది.

సూరపరాజు గారు రెండు చేతులూ అడ్డం పెడతాడు. "సన్మానం కాకుండా వేదిక దిగితే ఎలాగండీ? ఒక్క శాలువా, ఒక్క ఫొటో. అయిదు నిమిషాల పనండి. ఆవిడెలాగూ చచ్చిపోయే ఉన్నారు కదండీ, తొందరేముందండీ?"

ఆ మాటకి చెంప పగలగొట్టాలి. భ్రమరాంబకి ఆ సంగతి తెలుసు. కానీ శాలువా మడత విప్పుతున్నారు, దాని జరీ అంచు దీపాల వెలుగులో మెరుస్తోంది, ఎన్నేళ్ళుగానో వెనక నుంచి చూసిన జరీ అది. రత్నం వైపు చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపిస్తుంది. రత్నం తలూపుతుంది. అంతకుముందు నవలలో కూడా ఆవిడ ఎవరినీ దేనికీ కాదనలేదు.

శాలువా ఎర్రది. ఊళ్ళో జరిగే ప్రతి సభలోనూ ఇదే కప్పుతారని అందరికీ తెలుసు. కప్పించుకున్నవాళ్ళు మడిచి, వచ్చే నెల ఇంకొకరికి కప్పుతారు. దానికి ఎందరి మెడల చెమటో, ఎందరి తలనూనో పట్టి, పెరుగు విరిగిన వాసన వేస్తోంది. భుజాల మీద పడగానే వెచ్చగా అంటుకుంటుంది. ఇంకా ఎవరో కప్పుకునే ఉన్నారేమో అన్నంత వెచ్చగా ఉంది. భ్రమరాంబ వాంతి ఆపుకుంటూ నమస్కారం పెడుతుంది.

ఒక్కటితో ఆగదు. పాఠకులంతా వరుస కట్టారు. ఎవరి చేతిలో చూసినా ఎర్ర శాలువాయే. ఒకదాని మీద ఒకటి కప్పుతుంటే నమస్కారం పెట్టిన చేతులు లోపలే ఉండిపోతాయి. కింద ఒళ్ళు గుండ్రంగా, గట్టిగా అవుతోంది. మోకాళ్ళు వంగడం లేదు. మిగిలిన ఒక శాలువా పరంధామయ్యకి కప్పుతారు. ఆయన వద్దు వద్దంటూనే మెడ వంచుతాడు.

నోరు తీపి చెయ్యమని ఎవరో అంటే, సూరపరాజు గారు భ్రమరాంబ నోట్లో ఒక కాజా కుక్కుతాడు. ఫొటో తీసేవాడు నోరు అలాగే తెరిచి ఉంచమంటాడు. బాగుందట. పాకం గొంతులోకి కారుతుంది. మాట్లాడడానికి వీల్లేదు.

బయట చీకటి పడుతోంది. రత్నం లేచి, ఒళ్ళో మిగిలిన ముద్దలు దులుపుకుని, కవరు పట్టుకుని హాలంతా ఒకసారి చూస్తుంది. ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుంటున్నారు. పరంధామయ్య గొడుగు తీసుకుంటాడు.

"నేనూ అటే కదమ్మా. దిగబెడతాలే, పద."

హాలంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. బాధ్యత తెలిసిన మనిషి, ఈ రోజుల్లో ఎవరికుందండీ ఇంత ఓపిక, అనుకుంటారు. ఇకమీదట ఆవిడ ఒంటరిగా వెళ్ళింది అనడానికి లేదు కాబట్టి, నవలలో ఉన్న ఒక్క లోపమూ తీరిపోయిందని కాలేజీ ఆవిడ సంతోషిస్తుంది. రత్నం వేదిక వైపు చూస్తుంది. ఉండు, వస్తున్నా అనాలని భ్రమరాంబ గింజుకుంటుంది. కాజా కరగదు.

వాళ్ళిద్దరూ నడుస్తారు. హాలు వాళ్ళతో పాటు పొడుగవుతుంది. కిటికీలు పోయి కొట్ల అరుగులు వస్తాయి, కుర్చీలు పోయి సైకిళ్ళు వస్తాయి, నేల మట్టి అవుతుంది. వేదిక జరిగి జరిగి, పోస్టు డబ్బా ఉండాల్సిన వీధి మలుపు దగ్గర ఆగుతుంది. అక్కడ భ్రమరాంబ ఒక్కతే నిలబడి ఉంది. ఎర్రగా, గుండ్రంగా, నోరు తెరుచుకుని.

ఇళ్ళకి పోతున్న పాఠకులు దారిలో ఆగి, సభలో చెప్పడం మరిచిపోయిన అభిప్రాయాలు ఆ నోట్లో వేసిపోతారు. ఒకటి పాచిపోయిన పప్పులా ఉంది. ఒకటి ఎవరి నోట్లోనో ఇందాకటి దాకా నానింది. మింగడం తప్ప ఇంకో దారి లేదు. వేసినవాళ్ళు, పడిందో లేదోనని పైన ఒక దెబ్బ వేసి మరీ పోతారు.

వీధి ఖాళీ అయ్యాక రత్నం వస్తుంది. కాస్త వెనకగా గొడుగు కర్ర చప్పుడు. "నువ్వేసి రామ్మా, నేనిక్కడుంటా" అంటాడు పరంధామయ్య. రత్నం దగ్గరికొచ్చి, భ్రమరాంబ నోట్లో చెయ్యి పెట్టి కవరు వదులుతుంది. జిగురు చేదుగా ఉంది. కవరు నాలిక మీద విచ్చుకుంటుంది. నీ దగ్గెలా ఉంది అన్న వాక్యం అంగిటికి తగులుతుంది. ఈ సాయంత్రం నుంచీ ఆ నోట్లో పడినవాటిలో శుభ్రమైనది అదొక్కటే.

రత్నం భుజం మీదుగా భ్రమరాంబకి ఆయన కనబడుతున్నాడు. గొడుగు గోడకి ఆనించి, సన్మానంలో కప్పిన శాలువా భుజం మీంచి తీసి, రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా మెలిపెడుతున్నాడు.

పారిపో అని అరవాలి. ఉన్న బలమంతా కూడదీసుకుని అరుస్తుంది. నోటి నిండా ఉత్తరం, పాకం, ఊరందరి ముద్దలు. వచ్చేది దగ్గు. ఒకసారి మొదలయ్యాక ఆగదు. డబ్బా అంతా అదిరేలా దగ్గుతుంది.

వెళ్ళబోతున్న రత్నం ఆగుతుంది. వెనక్కి వచ్చి, వంగి, ఆ నోటి దగ్గర చెవి పెడుతుంది.

"తగ్గనే లేదా అమ్మా ఇంకా?" అని అడుగుతుంది. తగ్గేదాకా ఉందామని అక్కడే నిలబడి, చల్లటి చేత్తో ఆ ఎర్రటి వీపు నిమురుతూ ఉంటుంది.